ఫొటోతో పాటు పేరూ దాచండి: నెల్లూరు గ్రంథాలయ సంస్థకు, నగరపాలక సంస్థకు ఒక పాత స్టూడియో మనిషి లేఖ

జిల్లా గ్రంథాలయ సంస్థ పెద్దలకు, నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనరు గారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే ఫొటో స్టూడియోలో పనిచేశాను. 1976లో, పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, చిన్నబజారు పక్క సందులో ఉన్న ఒక స్టూడియోలో మా నాయన నన్ను చేర్పించాడు. మొదటి ఏడాదంతా నా పని ప్రింట్లు కడగడమే. హైపో అంటే బొమ్మ చెరిగిపోకుండా నిలిపే మందునీళ్లు. అందులోంచి తీసిన ఫొటోలను తొట్లో వేసి, నీళ్లు మారుస్తూ గంటసేపు కడగాలి. సరిగ్గా కడగకపోతే హైపో కాగితంలోనే నిలిచిపోయి కొన్నేళ్లకు ఫొటో మీద పసుపు మరకలు లేస్తాయి. "నువ్వు బద్ధకిస్తే వాళ్ల మనవడికి తాత ముఖం కనపడదురా" అనేవాడు మా ఓనరు. తర్వాత డార్క్‌రూమ్, ఆ తర్వాత రీటచింగ్ నేర్చుకున్నాను. 2006లో స్టూడియో మూతపడింది.

ఆ మూతపడిన వారం గురించి ముందు చెప్పాలి. ఓనరు అప్పటికే చనిపోయాడు. పిల్లలు వేరే ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అద్దె అంగడి ఖాళీ చేసి ఇవ్వాలి. అటక మీద అట్టపెట్టెల నిండా బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు ఉన్నాయి. నెగటివ్‌లో బొమ్మ కట్టేది వెండితోనే కాబట్టి, ఆ వెండి కోసం పాత ఫిల్ములు కొనేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు వచ్చి తూకం వేసి పట్టుకెళ్లారు. అంతకు ముందు కాలపు గాజు ప్లేట్లు అప్పటికే లేవు. వాటిని 1980లలోనే వేడినీళ్లలో నానబెట్టి, పైపొర గీకి, ఫ్రేములకు అద్దాలుగా వాడేశాం. ఆ గీకిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. గాజుకు డబ్బు పెట్టక్కర్లేదని అప్పుడు మాకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు ఏ పాత ఇంట్లోనైనా దేవుడి పటానికి ఉన్న అద్దం కాస్త గీతలు పడి కనిపిస్తే నాకు గుండెల్లో కలుక్కుమంటుంది.

రిజిస్టర్లు పాత పేపర్ల అంగడికి వెళ్లాయి. ఆ రోజు నాకు నెగటివ్‌లు పోతున్నాయని బాధ కలిగింది కానీ రిజిస్టర్ల సంగతి తట్టలేదు. పోయినవాటిలో పెద్దది అదేనని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

స్టూడియో రిజిస్టరంటే పొడుగాటి లెక్కల పుస్తకం. ఎడమవైపు నెగటివ్ నంబరు, పక్కన తేదీ, పేరు, ఊరు, సైజు, ఎన్ని కాపీలు, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత. విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, బుచ్చి అని ఊళ్ల పేర్లు. అక్కడక్కడ ఓనరు గుర్తు కోసం రాసుకున్న మాటలు: "మిలిటరీ అబ్బాయి", "పెళ్లిచూపులకు, తొందర", "ఇంటికి వెళ్లి తీసినది, ముసలాయన పోయినాడు". అదే నంబరు నెగటివ్ పెట్టిన కాగితం కవరు మీద కూడా ఉంటుంది. రెండూ ఒకచోట ఉంటే ముఖానికి పేరు, పేరుకు ఊరు, ఊరికి తేదీ దొరుకుతాయి. విడిపోతే నెగటివ్‌లో ఉన్నది ఎవరో తెలియని మనిషి, రిజిస్టరు ఎవరికీ అక్కర్లేని పద్దు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నెల్లూరు పాత ఫొటోలను మన గ్రంథాలయంలో సేకరించండి. సేకరించేటప్పుడు ఫొటో స్కాన్ చేయడానికి ముందే అందులో ఉన్నది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాసుకోండి. పేర్లు చెప్పగలిగినవాళ్లు డెబ్బై, ఎనభై ఏళ్ల మనుషులు. స్కానరు వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు. ఆ మనుషులు వచ్చే ఏడాది ఉంటారని చెప్పలేం.

పాత ఫొటోలంటే ఇప్పుడు అందరికీ మక్కువ పెరిగింది, అది నాకు సంతోషమే. కానీ వాట్సాప్‌లో తిరిగేవాటిని చూస్తే టెన్షన్ వస్తుంది. ఆ మధ్య మా అల్లుడు "మామా, ఇది 1940లో మన ట్రంకు రోడ్డంట" అని ఒక ఫొటో చూపించాడు. వెడల్పాటి రోడ్డు, రెండు పక్కలా పెద్ద మేడలు, తలపాగాల మనుషులు. పెద్దది చేసి చూస్తే రోడ్డు నడుమ ట్రాము పట్టాలున్నాయి. నెల్లూరికి ట్రాము ఎప్పుడొచ్చింది? మద్రాసులో 1953 దాకా నడిచాయి, మనకు ఏనాడూ లేవు. ఆ ఫొటో అప్పటికే వందల మందికి చేరిపోయింది. చూసిన పిల్లలు మన ట్రంకు రోడ్డు అలా ఉండేదనే అనుకుంటారు. పేరు లేని ఫొటోకు ఎప్పటికైనా ఎవరో ఒకరు పేరు చెప్పే వీలుంది. తప్పు పేరు ఒకసారి అతుక్కుంటే పీకడం చాలా కష్టం.

మా పని గురించి ఇంకొకటి చెప్పాలి. ఎవరైనా చనిపోతే దినం లోపల పటం కట్టించాలని ఇంటివాళ్లు స్టూడియోకు వచ్చేవాళ్లు. చాలామందికి విడిగా దిగిన ఫొటో ఉండేది కాదు. ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూపు ఫొటో తెచ్చి, మూడో వరసలో పెసరగింజంత ఉన్న ముఖం చూపించి, "ఈయన్ని పెద్దది చేసియ్యి సామీ" అనేవాళ్లు. దాన్ని మళ్లీ ఫొటో తీసి, ఎన్‌లార్జర్ కింద పెంచి, కళ్లూ మీసమూ పెన్సిలుతో దిద్ది, చొక్కా లేకపోతే చొక్కా గీసి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ వేసి ఇచ్చేవాణ్ణి. ఆ పటం చేతికి ఇచ్చినప్పుడు ఏడవని ఇల్లు లేదు. దిద్దడంలో నాకు మంచి పేరే ఉండేది.

ఆ చేత్తోనే నేను ఎంత కత్తిరించానో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ మనిషి వెనక పెంకుటిల్లు ఉండేది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు, పందిరి గుంజకు కట్టిన పెట్రోమాక్స్ లైటు, దూరంగా సగం కనిపించే అంగడి బోర్డు ఉండేవి. అవన్నీ తెల్లగా తుడిచేసి ముఖం మాత్రం మిగిల్చాను. ఇంటికి కావలసింది ముఖం. ఊరికి కావలసింది నేను తుడిచేసిన ఆ మిగతా అంతా. గోడ మీద పటం ఉంది కదా అని అసలు గ్రూపు ఫొటోను పారేసినవాళ్లు ఎంతోమంది. మీరు సేకరణ మొదలుపెడితే దయచేసి జనానికి ఇది చెప్పండి: పటాలతో పాటు ఆ పటం ఏ ఫొటోలోంచి వచ్చిందో అది కూడా వెతకండి. పాత ఫ్రేములు విప్పి చూస్తే చాలాసార్లు వెనక అట్టకూ పటానికీ మధ్య అసలు ఫొటో మడిచి పెట్టి ఉంటుంది. పోగొట్టుకోకూడదని మేమే అలా పెట్టేవాళ్లం.

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు నేను ఆ ఫొటోల విలువ కళ్లారా చూశాను. ఇంటి కప్పు ఎగిరిపోయినవాళ్లు, గొడ్లు పోగొట్టుకున్నవాళ్లు, రెండు వారాల తర్వాత తడిసిన ఆల్బమ్‌లను తువ్వాలులో చుట్టుకుని నెల్లూరు వచ్చారు. ఫొటోలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా తయారయ్యాయి. ఎండలో పెట్టి, చేత్తో లాగి కొందరు అప్పటికే చెడగొట్టుకున్నారు. తడిసి అతుక్కున్న ఫొటోలను లాగకూడదు. చల్లటి మంచినీళ్లలో మళ్లీ నానబెట్టాలి. పైపొర జెలటిన్ కాబట్టి మెత్తబడి, కాసేపటికి చాలావరకు వాటంతటవే విడివడతాయి. బొమ్మవైపు పైకి పెట్టి నీడలో ఆరబెట్టాలి. ఆ నెలంతా మా డార్క్‌రూమ్‌లో తాళ్ల మీద అవే వేలాడాయి. బియ్యం బస్తా తడిసిందని ఏడవని ఒక పెద్దామె, తన పెళ్లి ఫొటోలో భర్త ముఖం మీద పొర లేచిపోయిందని చూసి కూలబడిపోయింది. 2021 నవంబరులో పెన్నా పొంగి హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు కూడా నీళ్లు వచ్చిన ఇళ్లలో ఇదే జరిగి ఉంటుంది. అప్పటికి వాటిని నానబెట్టి విడదీసే స్టూడియోలు మన ఊళ్లో మిగల్లేదు.

చరిత్ర ఫొటోలంటే నాయకుల ఫొటోలే అని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. ఆయన ఫొటోలు లోకమంతా ఉన్నాయి. ఆయన్ని చూడడానికి ఇందుకూరుపేట చుట్టుపక్కల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం ఫొటో ఎక్కడైనా ఒక్కటి దొరికితే, అందులో నలుగురి పేర్లు తెలిస్తే, అది మనకు పెద్ద ఆస్తి. పొట్టి శ్రీరాములు గారు 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. 1952లో మద్రాసులో ఆయన ప్రాణం ఇచ్చిన 58 రోజుల దీక్ష అందరికీ తెలుసు, 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. మరి 1946లో ఆ గుడి లోపలికి అడుగుపెట్టిన మనుషులెవరు? వాళ్ల మనవళ్లు ఈ ఊళ్లోనే ఉండి ఉండాలి. ఎవరైనా వెళ్లి అడిగారా?

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత పొదుపు సంఘాలు మొదలైనప్పుడు ఆడవాళ్లు గ్రూపు ఫొటోల కోసం స్టూడియోకు వచ్చేవాళ్లు. కోవూరు వైపు నుంచి వచ్చిన ఒకామె నాకు బాగా గుర్తు. చదువు రాదు. ప్రింటు తీసుకున్నాక వెనక్కి తిప్పి, "ఇక్కడ అందరి పేర్లూ రాయబ్బాయా, ఎడమ పక్క నుంచి వరసాగా" అంది. నేను రాస్తుంటే ఒక్కొక్క పేరూ తనే చెప్పింది, ఇంటిపేరుతో సహా. ముప్పై ఏళ్లలో అలా అడిగి రాయించుకున్నవాళ్లు ఆమె కాక ఇంకో నలుగురైదుగురు ఉంటారేమో. మిగతా అందరం, చదువుకున్నవాళ్లం, మనకు గుర్తుంటుందిలే అనుకున్నాం.

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. మా అక్కా బావా పెళ్లయిన కొత్తలో పెన్నా ఆనకట్ట దగ్గర నిలబడి ఉన్నారు. నేనే తీశాను. అప్పుడు నేను చూసింది వాళ్లిద్దరినే. ఇప్పుడు చూస్తే వాళ్ల వెనక పాత ఆనకట్ట రాళ్లు, దాని మీద సైకిలు నడిపించుకుంటూ వస్తున్న పాలాయన, ఇసుకలో ఆరేసిన చీరలు కనిపిస్తున్నాయి. అంత ఇసుక! 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమైంది, మంచిదే. ఇక ఆ పాత ఆనకట్టనూ, ఆ ఇసుకనూ ఎవరైనా చూడాలంటే ఇలాంటి పెళ్లి ఫొటోల వెనకే చూడాలి. అలాగే రొట్టెల పండగ రోజు స్వర్ణాల చెరువులో పిల్లల్ని ఎత్తుకుని దిగిన ఫొటోలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. చెరువు నీళ్లు అప్పుడు ఎక్కడిదాకా ఉండేవో అవి చెబుతాయి. రంగనాయకస్వామి బ్రహ్మోత్సవాలకు వచ్చి గాలిగోపురం ముందు దిగినవాటిలో ఆ వీధి అరుగులుంటాయి. గాయకుడు ఎస్పీ బాలు గారు తిప్పరాజువారి వీధిలోని ఇల్లు 2020లో కంచి మఠానికి ఇచ్చారు కాబట్టి ఆ ఇల్లు ఎలా ఉండేదో అందరికీ తెలుసు. మిగతా ఇళ్లకు ఆ అదృష్టం లేదు, వాటికి ఇంటివాళ్ల ఆల్బమే దిక్కు.

ఇలాంటి పని మన జిల్లాకు కొత్తది కాదు. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు అధికారులు జిల్లాలోని రాగిరేకులు, రాతి శాసనాలన్నీ సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఏ ఊళ్లో, ఏ గుడి ఏ గోడ మీద, ఏ పొలంలో ఏ రాయి ఉందో రాసి పెట్టారు. ఇవాళ ఎవరు నెల్లూరు చరిత్ర రాయాలన్నా ఆ పుస్తకాలు తెరవాల్సిందే. వాళ్లు అక్షరాలు మాత్రమే ఎక్కించుకుని, రాయి ఎక్కడుందో రాయకపోయి ఉంటే ఆ పనికి సగం విలువ పోయేది. ఫొటోలకూ అంతే. మనకు దగ్గరలోనే పుదుచ్చేరిలో ఫ్రెంచ్ పరిశోధన సంస్థ వాళ్లు, బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాడులో పాత స్టూడియోలు వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ మిగిలిన ఫొటోలను, నెగటివ్‌లను స్కాన్ చేసి భద్రపరిచారు. ఆ స్టూడియోలు మావి లాంటివే. హైదరాబాదుకు దీన్‌దయాళ్ లాంటి పెద్ద ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, ఆయన తీసినవి మ్యూజియాల్లో ఉంటాయి. నెల్లూరుకు సందుకొక చిన్న స్టూడియో ఉండేది. మన ఊరి ముఖం ఆ సందుల్లోనే ఉంది.

అందరి ముఖాలూ ఆ స్టూడియోల్లోనూ లేవు. దీని మీద మీరు ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. ఫొటో దిగడమంటే డబ్బుతో పని. మా తొట్లో నేను కడిగిన ఫొటోల్లో పెద్దింటి పెళ్లిళ్లు ఎక్కువ, దళితవాడల ముఖాలు చాలా తక్కువ, యానాదుల ముఖాలు దాదాపు లేవు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ 1909లో అచ్చు వేయించిన సంపుటాల్లో యానాదుల గురించి పేజీలకు పేజీలు రాశాడు. అక్కడ వాళ్లు ఒక తెగ, మనుషులుగా పేర్లు లేవు. చాలా యానాది కుటుంబాలకు మొట్టమొదటి ఫొటో 1990లలో ఓటరు కార్డు కోసం తీసిందే. ఆ కార్డు కూడా చరిత్రే. లైబ్రరీలో బల్ల వేసుకుని కూర్చుంటే వాళ్లు రారు. పెన్నా కట్ట మీదికి, సముద్రం ఒడ్డు పాళేలకు, వాడలకు మీ మనిషే స్కానరు పట్టుకుని వెళ్లాలి. ఫొటో లేని ఇంట్లో కూర్చుని చెప్పింది రాసుకోవాలి. ఇవాళ ఒక మంచి ఫొటో తీసి, ప్రింటు వాళ్లకు ఇచ్చి రావాలి.

కొందరు ఫొటో ఇవ్వడానికి ఇష్టపడరు. ఇంటి ఆడవాళ్ల ఫొటోలు బయటికి వెళ్లకూడదని అనుకునే ఇళ్లున్నాయి. విడాకులు, ఆస్తి గొడవలు, చిన్న వయసు చావులు ఉన్న ఫొటోలుంటాయి. అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోండి. లైబ్రరీలో చూడొచ్చు కానీ ఇంటర్నెట్‌లో పెట్టొద్దు అంటే, ఆ మాట కూడా చీటీ మీద రాసి అలాగే పాటించండి. ఒక్క ఇంట్లో మాట తప్పితే ఆ వీధి మొత్తం తలుపులేసుకుంటుంది.

ఇక ఎలా చేయాలో నాకు తెలిసినంత చెబుతాను. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక గది, ఒక ఫ్లాట్‌బెడ్ స్కానరు, ఒక కంప్యూటరు, ఓపికగా మాట్లాడే ఇద్దరు మనుషులు. మొదట ఆదివారాలు చాలు. తెచ్చిన ఫొటో ఆ రోజే వాళ్ల చేతికి తిరిగి వెళ్లిపోవాలి, ఎవరూ పెద్దల ఫొటోను ఆఫీసులో వదిలి వెళ్లరు. నా ఎరుకలోనే ఒకాయన తన తండ్రి ఫొటోలు ఒక ఉత్సవం కోసం ఇచ్చి, ఎన్నిసార్లు తిరిగినా వెనక్కి రాక, ఆ బెంగతోనే ఉండిపోయాడు. ముందు చీటీ: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు, ఈ సంగతులు చెప్పింది ఎవరు. ఆ చివరిది మరిచిపోవద్దు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే వెనకవైపు కూడా స్కాన్ చేయండి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేయండి, ఒక ఫొటో చూసి వాళ్లు పది సంగతులు చెబుతారు. స్కాన్ 600 డీపీఐకి, అంటే అంగుళానికి 600 చుక్కలకు, తగ్గకూడదు, అంచులు కత్తిరించకూడదు. ఇప్పుడు పాత ఫొటోలకు ఏఐతో రంగులు వేసి, ముఖాలు నున్నగా చేసి ఇస్తున్నారు. మా రోజుల్లో మేమూ చేత్తో రంగులు వేశాం, ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి తప్పు లేదు. కానీ అది కొత్త ముఖం, పాత ముఖం కాదు. లైబ్రరీలో ఉండాల్సింది మరకతో, మడతతో ఉన్నదున్నట్టు ఫొటో. దాని కాపీలు రెండు వేర్వేరు భవనాల్లో ఉండాలి.

డబ్బు సంగతి వస్తుంది. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం మేం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అది వసూలు చేసేది స్థానిక సంస్థ, వాడేది గ్రంథాలయ సంస్థ. అందుకే ఈ లేఖ ఇద్దరికీ రాస్తున్నాను. మా సెస్సులో కొంచెం మా ముఖాల కోసం ఖర్చు పెట్టండి.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. వ్యాసరచన పోటీలు, ఉపన్యాసాలు ఉంటాయి. ఈ ఏడాది పురమందిరంలో ఒక గోడ ఇవ్వండి. పేర్లు తెలియని ఫొటోలను పెద్దవిగా ప్రింటు తీసి అక్కడ తగిలిద్దాం. ఒక్కోదాని కింద ఖాళీ కాగితం, దారానికి కట్టిన పెన్సిలు. వచ్చినవాళ్లు చూసి, తెలిస్తే రాస్తారు. సంతపేట, రంగనాయకులపేట, కోటమిట్ట, స్టోన్‌హౌస్‌పేట ముసలివాళ్లను ఆటోలు పెట్టి తీసుకొద్దాం. ఆటోల బాధ్యత నాలాంటి వాళ్లం పది మందిమి తీసుకుంటాం.

మూతపడిన స్టూడియోల పిల్లలకు కూడా ఇక్కడే ఒక మాట. మీ నాయన అటక మీద పెట్టిన పెట్టెలు అమ్మకండి. నెగటివ్ పెట్టె తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము చెడిపోవడం మొదలైందని అర్థం, అలాంటివాటిని మిగతావాటి నుంచి వేరు చేసి త్వరగా స్కాన్ చేయించండి. వంటింటి అటక మీద పెట్టొద్దు, వేడీ తేమా రెండూ శత్రువులే. ప్లాస్టిక్ కవర్లు వద్దు, మామూలు కాగితం కవర్లు చాలు. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున, నెమ్మదిగా రాయండి. బాల్‌పెన్ను ముద్ర బొమ్మవైపు లేస్తుంది. ల్యామినేషన్ చేయించొద్దు, మళ్లీ విప్పలేరు. గమ్ము పేజీల ఆల్బమ్‌లలో ఉన్నవి రాకపోతే పీకొద్దు, పేజీతో సహా తీసుకురండి. 1970లు, 80ల కలర్ ఫొటోలు ఎర్రబడిపోతున్నాయి, చీకట్లో దాచినా అందులోని నీలం రంగు ముందు వెలిసిపోతుంది. చాలామంది అమ్మమ్మల బ్లాక్ అండ్ వైట్ పెళ్లి ఫొటోకంటే అమ్మ కలర్ పెళ్లి ఫొటోయే ముందు పోతుంది. కాబట్టి వాటిని ముందు స్కాన్ చేయించండి. అన్నిటికంటే ముందు, మీ నాయన రిజిస్టరు ఒక్కటి మిగిలినా దాన్ని చంటిబిడ్డలా చూసుకోండి.

నా దగ్గర ఒకటి మిగిలింది. స్టూడియో ఖాళీ చేసిన రోజు నేను ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి 1983 నాటి రిజిస్టరు, వెనక ఖాళీ పేజీలున్నాయని మా పాప లెక్కలు చేసుకోవడానికి తెచ్చాను. రెండోది "తీసుకోనివి" అని రాసిన పెద్ద ఖాకీ కవరు. ఫొటో దిగి, అడ్వాన్సు కట్టి, తర్వాత రానివాళ్ల ప్రింట్లు అందులో వేసేవాళ్లం. నలభై ఒక్క ఫొటోలున్నాయి. ఒకదాంట్లో కొత్త పెళ్లిజంట, అబ్బాయి చేతికి వాచీ, అమ్మాయి జడలో కనకాంబరాలు. ఒకదాంట్లో స్కూలు యూనిఫాంలో అన్నాతమ్ముళ్లు, చిన్నవాడి కాళ్లకు చెప్పుల్లేవు. ఒక ముసలాయన కోటు వేసుకుని ఉన్నాడు, ఆ కోటు మా స్టూడియోదే, అందరికీ అదే వేసేవాళ్లం.

పాప లెక్కలు చేసిన పేజీలు పోగా రిజిస్టరులో చాలావరకు బాగానే ఉంది. నంబర్లు చూసుకుంటూ నలభై ఒక్కటిలో పంతొమ్మిదింటికి పేరూ ఊరూ కనుక్కున్నాను. ఇరవై రెండింటికి దొరకలేదు. మీరు ఆ గది తెరిచిన మొదటి ఆదివారం కవరూ రిజిస్టరూ రెండూ తీసుకుని వస్తాను. గోడ మీద మొదట ఆ ఇరవై రెండు ఫొటోలు పెట్టండి. ఎవరైనా తమవాళ్లను గుర్తుపడితే ప్రింటు ఇచ్చేస్తాను. అడ్వాన్సు పోగా మిగిలిన బాకీ ఏమీ కట్టక్కర్లేదు.

ఇట్లు,
మీ ఊరివాడు,
ఒక పాత స్టూడియో రీటచరు,
నెల్లూరు